చాందీ మనవరాలి మోకాలు

చాందీ తెలుగులో మాట్లాడినంతసేపు ఎవరికీ భయం లేదు. కోపం వచ్చి లంబాడీ భాషలోకి దిగిందంటే మాత్రం ఎదుటివాడు చెప్పులు వెతుక్కోవాల్సిందే. మానుకోటకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆమె తండాలో ఈ సంగతి మేకలకు కూడా తెలుసు. నాకు తెలియడానికి మాత్రం రెండు వేల పదకొండో సంవత్సరం, ఒక సమ్మె, ఒక పిల్ల మోకాలు కావాల్సి వచ్చాయి.

నా పేరు హన్మంత్. మాది కొడకండ్ల. ఆ తండా పిల్లలు చదివే హైస్కూల్లో నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఛాతీ మీద ఈల, ముక్కు మీద కోపం, రెండూ సర్కారు వారు ఉద్యోగంతో పాటు ఇచ్చినట్టే తిరిగేవాణ్ణి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించే రకం. నా భార్య ఈ మాట ఇప్పటికీ అంటుంది.

చాందీకి అప్పటికి అరవై దాటి ఉంటాయి. మొగుళ్లపల్లి పక్క తండాలో పుట్టి, పద్నాలుగేళ్లకు ఇక్కడికి కోడలిగా వచ్చింది. భర్త జైపాల్ తొందరగా పోయాడు. ఒక్కగానొక్క కొడుకు బలరాంను పత్తి ఏరి, మిర్చి తెంపి, చెరువు కట్టలకు మట్టి మోసి పెంచింది. తండాకు చేతిపంపు కావాలని ఒక ఆఫీసు ముందు తన మేకలతో సహా మూడు రోజులు కూర్చుందట. నాలుగో రోజు ఆ మేకలు ఆఫీసువాళ్ల పూలమొక్కలన్నీ మేసేశాయి. ఐదో రోజు పంపు మంజూరైంది. "పంపు నేను తేలేదు సారూ, నా మేకలు తెచ్చినయ్" అని నవ్వేది. ఆ పంపు ఇప్పటికీ నీళ్లు పోస్తోంది.

బలరాం కూలి పనికి భివండీ పోయాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురు: చాందీ, కోడలు రాజీ, ఆరో తరగతి చదివే మనవరాలు అఖిల. ఆ పిల్ల ఎడమ మోకాలే ఈ కథంతా.

ఎండాకాలం సెలవుల్లో అఖిలకు ఆ మోకాలు కొద్దిగా ఉబ్బింది. ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు. పొద్దున నిద్ర లేవగానే కాలు చాచలేకపోయేది. గోడ పట్టుకుని, వంగి, ముసలమ్మలా నడిచేది. పది దాటేసరికి కాలు కొంచెం సాగేది. సాయంత్రానికి అందరితో కలిసి ఉరికేది. మరునాడు పొద్దున మళ్లీ గోడే గతి.

శ్రావణంలో తండాలో తీజ్ పండుగ వచ్చింది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు నాటి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. తెల్లారకముందే లేచి బిందెలు మోయాలి, సాయంత్రం బుట్టల చుట్టూ ఆడాలి. అఖిల పొద్దున బిందె ముట్టలేదు. సాయంత్రం ఆటలో మాత్రం ముందుంది. "నీళ్లు మోయమంటే కుంటిది, ఆడమంటే లేడి" అని తోటి పిల్లలు ఎక్కిరించారు. పెద్దవాళ్లూ నవ్వారు. చాందీ ఒక్కతే నవ్వలేదు. ఆమె పొద్దున పిల్ల మోకాలి మీద అరచెయ్యి పెట్టి చూసింది, వేడిగా తగిలింది. రెండో మోకాలి మీద పెట్టింది, అది చల్లగా ఉంది.

నేను చెయ్యి పెట్టి చూడలేదు. నాకు కనిపించిందల్లా పొద్దున ప్రార్థన తర్వాత డ్రిల్‌లో కాలు వంచి నిలబడే అఖిల, సాయంత్రం ఖో-ఖోలో అందరికన్నా ముందు ఉరికే అఖిల. "ఆడలేనివాళ్లు మద్దెల ఓడంటారు. నువ్వు ఆడుతూనే మద్దెల ఓడంటున్నావు కదే!" అని మూడు వందల మంది పిల్లల ముందు అన్నాను. అందరూ గొల్లుమన్నారు. నాకు నా మాట బాగా నచ్చింది. అంతటితో ఆగినా బాగుండేది. ఒక చీటీ కూడా రాసి ఇంటికి పంపాను: మీ అమ్మాయి డ్రిల్ ఎగ్గొట్టడానికి నాటకం ఆడుతున్నది, మందలించగలరు.

రాజీకి చదువు రాదు. ఆ చీటీని కిరాణా దుకాణంలో చదివించుకుంది. దుకాణం నిండా జనం. సాయంత్రానికల్లా తండా అంతా "నాటకాల అఖిల" అనడం మొదలుపెట్టింది. అప్పటికే చాందీ పిల్లను మానుకోట పిల్లల డాక్టరుకు చూపించి రక్త పరీక్షలు చేయించింది. చీటీ సంగతి ఫోన్లో విన్న బలరాం భివండీ నుంచి ఒకే మాట చెప్పాడు. మానుకోట పిల్లల డాక్టరు హైదరాబాద్‌లో కీళ్ల డాక్టరుకు చూపించమని ఉత్తరం రాసిచ్చాడు కాబట్టి ఆ ఒక్కసారి చూపించండి. అక్కడా ఏమీ లేదంటే ఇక దవాఖానాల చుట్టూ తిరిగేది లేదు, బడి మాన్పించి మేకల వెంట పంపండి.

మానుకోట డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడట. లోపల నిజంగా జబ్బుంటే, మందు పడకపోతే ఆ కాలు అట్లాగే వంకరగా ఉండిపోతుందని.

అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, బొగ్గుబావుల్లో పని నిలిచింది. మేం టీచర్లమంతా మానుకోట సెంటర్లో టెంటు కింద కూర్చున్నాం. పొద్దస్తమానం పాటలు, ఉపన్యాసాలు, నినాదాలు. ఊరంతా పెళ్లివారిల్లులా ఊగిపోయేది. మంగళవారం మధ్యాహ్నం నేను మైకు పట్టుకుని గొంతు చించుకుంటుంటే, జనం మధ్యలోంచి చాందీ నడుచుకుంటూ వచ్చింది. నా చేతిలోంచి మైకు తీసుకుంది.

"అన్నలారా, అక్కలారా! గీ సారు నా మన్మరాలు నాటకమాడుతదని చీటి రాసిండు. బేస్తవారం పట్నం దవాఖానల సూపెట్టాలె. సారుకు గిప్పుడు బడి లేదు, పని లేదు. నా ఎంబడి రావాలె. డాక్టరు ఏం లేదంటే పిల్లను నేనే మేకలెంట తోల్త. ఉన్నదంటే సారు ఏం జేస్తడో గాయినే చెప్పాలె!"

టెంటు దద్దరిల్లింది. "పో సారూ, పో!" అని మా హెడ్మాస్టరే ముందు అరిచాడు. నా ముఖం కందగడ్డలా ఎర్రబడింది. వస్తానన్నాను. పోయి ఆమె నోటితోనే తప్పు ఒప్పించుకుని రావాలని నా పంతం.

బుధవారం పొద్దున బయలుదేరాం. రైళ్లు లేవు, బస్సులు లేవు. చాందీ అన్న కొడుకు బాల్‌సింగ్ దగ్గర ఒక పాత జీపు ఉంది. అందులో ముందు నేను, వెనక చాందీ, రాజీ, అఖిల. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ పొద్దున అఖిల గోడ పట్టుకోలేదు. చెంగున జీపెక్కింది. నేను అద్దంలో చూసి మీసం దువ్వుకున్నాను.

తొర్రూరు దాటి కొడకండ్ల చేరేసరికి రోడ్డు మీద వంటా వార్పూ నడుస్తోంది. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, గుండిగల్లో పప్పు ఉడుకుతోంది. గరిటె పట్టుకుని వడ్డిస్తున్నది మా అమ్మ కమలాదేవి. గడప దాటి ఎరగని మనిషి! ఆమె చాందీని చెయ్యి పట్టి తన పక్కన బంతిలో కూర్చోబెట్టుకుంది. సంగతంతా విని, "పిల్ల కాలు ముట్టి సూసినవారా నాయినా?" అని నన్ను అడిగింది. లేదన్నాను. ఇంకో గరిటె పప్పు నా విస్తట్లో గట్టిగా కొట్టింది.

జనగామ దగ్గర రోడ్డుకడ్డంగా ఎడ్ల బండ్లు నిలబెట్టారు. వాటి ముందు వందల మంది కుర్రాళ్లు. ఏ బండీ కదిలేది లేదన్నారు. బాల్‌సింగ్ వెనక్కి తిప్పుదామన్నాడు. చాందీ జీపులోనే లేచి నిలబడింది.

"బిడ్డా, నాకు తెలంగాణ గావాలె. గీ పిల్లకు కాలు గావాలె. ఒకటిస్తం, ఒకటియ్యం అంటె నేనూకోను!"

అప్పుడు చూడాలి ఆ కేకలు! ఎడ్ల బండ్లు తామే పక్కకు లాగారు. ఇద్దరు మోటార్ సైకిళ్ల మీద జెండాలు ఊపుకుంటూ మాకు ముందు నడిచారు. వాళ్ల వల్ల భువనగిరి దాకా ఎవరూ మమ్మల్ని ఆపలేదు. అఖిల కిటికీలోంచి చెయ్యి ఊపుతూ గొంతు పోయేదాకా నినాదాలిచ్చింది. నిజం చెబితే నేనూ ఇచ్చాను.

గురువారం పొద్దున దవాఖానలో కీళ్ల డాక్టరమ్మ అఖిల మోకాలిని వంచి చూసింది, చాచి చూసింది, రెండు చేతుల్తో తడిమి చూసింది. మానుకోట డాక్టరు ఉత్తరం మళ్లీ చదివింది. రక్త పరీక్షల కాగితాలు తిరగేసింది.

"ఉత్తరంలో వాపు, వేడి అని ఉంది. నాకు రెండూ కనిపించడం లేదు. కాలు చివర కొంచెం చాచలేకపోతోంది, అంతే. రక్త పరీక్షలూ మామూలుగానే ఉన్నాయి. ఈ జబ్బు మందులు నెలల తరబడి వాడాలి. ఇంత తక్కువ ఆధారంతో మొదలుపెట్టలేను. స్కాన్ ఒకటి చూద్దాం."

నా ముఖంలో గెలుపు కనిపించింది కాబోలు, చాందీ నా వైపు చూసి తల దించుకుంది. ఆమె తల దించడం నేను చూసింది అదే మొదలు.

స్కానింగ్ గదిలో ఉన్న డాక్టరు పేరు సింధూజ. ముప్పై కూడా ఉండవు. అప్పటిదాకా కౌంటర్ల దగ్గర అందరూ మా పల్లె యాస విని పెదవి బిగపట్టి నవ్వినవాళ్లే. ఈమె మాత్రం అఖిలను బల్ల మీద కూర్చోబెట్టి, "యాడ గుంజుతుంది బిడ్డా?" అంది. చాందీ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"మొగుళ్లపల్లి, అవ్వా."

"మా అవ్వగారి దిక్కే గదా! అయితె నువ్వు మా ఇంటి ఆడిబిడ్డవు!"

సింధూజ నవ్వుతూ మోకాలి మీద జిగురు రాసి పరికరం కదిలించింది. తెర మీద బూడిదరంగు చారలు. ఆమె నవ్వు మెల్లగా తగ్గింది. కీలు చుట్టూ ఉండే పొర కొంచెం మందంగా ఉందట. ఆ మందం ఎప్పటిదో ఆరిపోయిన జబ్బు మచ్చ కావచ్చు, ఇప్పుడు లోపల మండుతున్నదీ కావచ్చు. మండుతుంటే అక్కడికి రక్తం ఎక్కువ పారుతుంది. రక్తం పారకం చూపే రంగుల మీట నొక్కితే ఒక్క చుక్క రంగు కూడా కనిపించలేదు.

"ఈ మధ్య ఏమన్నా సూది ఏపిచ్చిన్రా అవ్వా?" అంది సింధూజ.

లేదని రాజీ తల అడ్డంగా ఊపింది. చాందీ తల ఊపలేదు. లేచి నిలబడింది.

"ఏపిచ్చిన. నేనే. కోడలికి గుడ తెల్వది. మంగళారం పొద్దుమీకి ఒకటి, బుధారం పొద్దుగాల ఒకటి, బుచ్చి డాక్టరుతోని. జీపుల గంత దూరం పిల్ల ఓర్వదని ఏపిచ్చిన. పెద్ద డాక్టర్లకు చెప్పొద్దు, తిడ్తరన్నడు. గందుకే చెప్పలే."

బుచ్చి డాక్టరంటే తండా పక్క ఊరి ఆర్‌ఎంపీ బుచ్చిరాములు. జ్వరమైనా, నడుమునొప్పైనా ఆయన దగ్గర ఉండేది ఒకటే సూది. మా వైపు జనానికి అదొక అలవాటు. పత్తి ఏరడానికి పోవాలన్నా, పెళ్లికి పోవాలన్నా ముందొక సూది వేయించుకుని మరీ కదులుతారు. తీర్థయాత్రకు పోతూ వేయించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. ఆ సూది రెండు మూడు రోజులు వాపునూ నొప్పినీ అణచిపెడుతుంది, దాని జాడ పూర్తిగా పోవడానికి మాత్రం వారాలు పడుతుంది. పిల్ల మీద ప్రేమ కొద్దీ చాందీ, చూపించడానికి తెచ్చిన జబ్బునే దాచేసి తెచ్చింది.

నేను మీసం దువ్వుకున్న ఉదయం గుర్తొచ్చింది. చెంగున జీపెక్కింది ఆ సూది బలంతో అన్నమాట.

సింధూజ తిట్టలేదు. "నెల రోజులాగి వస్తే ఆ మందు దిగిపోతది, అప్పుడు సూస్తే తెలుస్తది" అంది. నెల రోజులు! ఈ సమ్మెలో మళ్లీ ఎవరొస్తారు? ఏమీ లేదన్నారని బలరాంకు తెలిస్తే మళ్లీ ఎవరు పంపిస్తారు? చాందీ సింధూజ రెండు చేతులూ పట్టుకుంది. ఇవ్వాళే ఏమన్నా దారి ఉందా అంది.

ఉందంది సింధూజ. పక్క గదిలోంచి తన పెద్ద డాక్టరుతో ఫోన్లో మాట్లాడి వచ్చింది. ఈ మధ్యే వాళ్లు మొదలుపెట్టిన ఒక పద్ధతి ఉంది. చేతి నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. అందులో కంటికి కనిపించని బుడగలుంటాయి. అవి రక్తంతో పాటు తిరుగుతాయి. రక్తం ఎక్కడ ఎక్కువ పారుతుందో అక్కడ తెర మీద మెరుస్తాయి. రంగుల మీటకు అందనంత సన్నని నరాలను కూడా పట్టిస్తాయి.

"బుడగలా?" అని చాందీ ఎగిరిపడింది. "నరంలకు బుడగలెక్కిస్తవా? పాణం పోదా?"

ఆమె భయం నాకూ కలిగింది. బుచ్చి డాక్టరు సూది వేసే ముందు దాన్ని పైకెత్తి వేలితో రెండు దెబ్బలు కొట్టి, గాలి బుడగను బయటకు తోలేయడం చూడనివాళ్లు మా దగ్గర ఎవరున్నారు? నరంలోకి బుడగ పోతే మనిషి పోతాడన్నది మాకు ఉగ్గుపాలతో తెలిసిన మాట. చాందీ తన కొంగు నడుముకు బిగించింది.

"అయితె ముందుగాల నాకెయ్. నేను బతికితె పిల్లకెయ్."

సింధూజకు నవ్వాగలేదు. అవసరం లేనివాళ్లకు వేయడం తగదని చెప్పింది. తర్వాత అవ్వ ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఓపిగ్గా చెప్పింది. "నువ్వు భయపడే బుడగ పెద్దది అవ్వా, అది నరంల అడ్డం పడ్తది. ఇవి రక్తంల ఉండే కణం కన్న చిన్నయి. అన్నీ కలిపినా ఒక్క బొట్టు గాలి గుడ కాదు. పావుగంటల ఊపిరితోని బయటికి పోతయ్. ఎవరికో ఒకరికి పడకపోవచ్చు, గందుకే మందులు పక్కనే పెట్టుకున్న. నేనీడనే ఉంట."

తల్లి సంతకం పెట్టాలని ఒక కాగితం ఇచ్చారు. రాజీ దాన్ని తీసుకుని నా చేతికిచ్చింది. జీపెక్కినప్పటి నుంచి ఆ మనిషి నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

"నువ్వు రాసిన చీటి దుకాణంల సదివిచ్చుకున్న సారూ. గీ కాయిదం నువ్వే సదివి చెప్పు."

చదివాను. పరీక్ష ఎందుకో, ఏమేం జరగొచ్చో, అన్నీ చదివాను. చివర ఒక వాక్యం ఉంది: పిల్లకు తెలిసేలా చెప్పాలి, పిల్ల ఇష్టం కూడా అడగాలి. అప్పటిదాకా ఆ మోకాలి గురించి నేను, తండా, దుకాణం, భివండీలోని తండ్రి, అందరూ మాట్లాడాం. ఆ పిల్లను అడిగినవాళ్లు లేరు.

సింధూజ అడిగింది. అఖిల తన కాలి వైపు చూసుకుంది, తర్వాత నా వైపు చూసింది.

"ఎయ్యమను దాదీ. సారు సూడాలె."

రాజీ వేలిముద్ర వేసింది. నర్సు అఖిల చేతికి సన్నని గొట్టం పెట్టింది. చిన్న సీసాలో తెల్లటి పొడి ఉంటే దాంట్లో నీళ్లలాంటిది పోసి ఊపింది. పలుచని పాలలా అయింది. సింధూజ మిషను పంపే శబ్దాన్ని బాగా తగ్గించింది. గట్టిగా అరిస్తే ఈ బుడగలు పగిలిపోతాయి, మెల్లగా పలకరించాలి అంది. పరికరాన్ని మోకాలి మీద నొక్కకుండా ఆనించి పట్టుకుంది. నొక్కితే సన్న నరాలు మూసుకుపోతాయట.

తెర రెండు భాగాలైంది. ఒక వైపు మామూలు బొమ్మ. ఇంకో వైపు నల్లగా, ఏమీ లేదు.

"పిల్ల కాలు కదలొద్దు" అంది సింధూజ. చాందీ మనవరాలి పాదాన్ని రెండు చేతుల్తో పొదివి పట్టుకుంది. మందు లోపలికి పోయింది. తెర మూల గడియారం నడవడం మొదలైంది. ఐదు. పది. పన్నెండు. నల్లగానే ఉంది. చాందీ పెదవులు లంబాడీలో ఏదో గొణుగుతున్నాయి. పదిహేను. ఏమీ లేదు. నేనా క్షణంలో ఎవరి పక్షాన ఉన్నానో నాకే తెలియలేదనుకుంటారేమో, బాగా తెలుసు. మెరవాలని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను.

పద్దెనిమిదో సెకనుకు నల్లటి తెరలో ఒక చుక్క మెరిసింది. దాని పక్కన ఇంకొకటి. తర్వాత పది, వంద! మోకాలి చిప్ప పై నుంచి పొర పొడుగునా మెరుపు పాకింది. కొత్తగా వేసిన కరెంటు లైను మీద ఊరు వెలిగినట్టు తెర సగం వెలిగిపోయింది.

"కనవడ్డది!" అని అరిచింది సింధూజ. డాక్టరునన్న సంగతి మరిచిపోయి అరిచింది. "సూడు అవ్వా, లోపల మండుతనే ఉంది! రెండు సూదులేసినంక గుడ గిట్ల మెరుస్తుందంటె, మందు లేకుంటె ఎంత ఉంటుండె!"

"పొయ్యిల బూడిద గప్పిన నిప్పు!" అంది చాందీ. "నేనే గప్పిన బూడిద. ఊదితె బయటవడ్డది!" మరుక్షణం "జై తెలంగాణ!" అని ఒక్క కేక పెట్టింది. బయట వరండాలో కూర్చున్నవాళ్లంతా "జై తెలంగాణ!" అని బదులిచ్చారు. నర్సులు పరుగెత్తుకొచ్చారు. రాజీ గోడకానుకుని ఏడుస్తూ నవ్వుతోంది.

సింధూజ పరికరాన్ని కుడి మోకాలి మీదికి మార్చింది. అక్కడ తెర నల్లగానే ఉంది. "మంచి మోకాలు గిట్ల సీకటిగ ఉంటది" అంది. మళ్లీ ఎడమ వైపుకు తెచ్చింది. మెరుపు ఇంకా అక్కడే తచ్చాడుతోంది, మెల్లగా పలుచబడుతోంది.

అఖిల మాత్రం తెర చూడటం లేదు. నన్నే చూస్తోంది.

"సారూ, గిప్పుడు కనవడ్డదా?"

కనబడిందని తల ఊపాను. సిగ్గుతో ఒళ్లంతా ముడుచుకుపోయింది. దాంతో పాటే సంతోషం కూడా పొంగింది. పిల్లకు జబ్బు బయటపడితే ఎవరైనా సంతోషిస్తారా? ఆ రోజు ఆ గదిలో ఉన్న మేమందరం సంతోషించాం.

కీళ్ల డాక్టరమ్మ ఆ బొమ్మలు చూసిన వెంటనే మందు రాసింది. పిల్లల్లో వచ్చే కీళ్లవాతం అంది. ముసలివాళ్ల రోగం పిల్లకెట్లా వస్తుందని రాజీ అడిగితే, దీనికి వయసుతో పని లేదంది. రాత్రంతా కదలక కీలు బిగుసుకుంటుంది, ఆడేకొద్దీ సాగుతుంది, అందుకే పొద్దున నొప్పి ఎక్కువ అని వివరించింది. ఆ మాట వింటుంటే నా మెడలో ఈల బరువెక్కింది. మోకాలి లోపలికే ఒక సూది వేశారు. అది బుచ్చి డాక్టరు సూదిలా ఒళ్లంతా తిరిగి రెండు రోజుల్లో బలం తగ్గేది కాదట, అక్కడే ఉండి నెలల పాటు పనిచేస్తుందట. వారానికోసారి వేసుకునే మాత్రలు రాశారు. ఈ జబ్బు చప్పుడు కాకుండా కళ్లను కూడా పట్టవచ్చు కాబట్టి కళ్లు చూపిస్తూ ఉండమన్నారు.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. బలరాం ఫోన్లో సంగతంతా విని, పిల్లకు ఫోనివ్వమన్నాడు. బుచ్చి డాక్టరు గడపలో నిలబడి చాందీ లంబాడీలో మాట్లాడింది, ఆయన పెరటి గుమ్మం గుండా పోయాడు. తప్పులో సగం తనదేనని కూడా ఆమె అదే గడపలో ఒప్పుకుంది. ఆ మీదట పిల్లల కీళ్ల నొప్పికి ఆయన సూది ముట్టలేదు. చాందీకి ఇంకో పని పట్టుకుంది. చుట్టుపక్కల ఏ తండాలో పిల్ల కుంటుతుందన్నా తెల్లారేసరికి అక్కడుండేది. నిద్ర లేచిన పిల్ల మోకాళ్ల మీద ఒకదాని తర్వాత ఒకటి అరచెయ్యి పెట్టి చూసేది. తేడా తగిలితే తల్లిని వెంటబెట్టుకుని దవాఖానకు కదిలేది. "సూది ఏపియ్యకుండ్రి, ఉన్నదున్నట్టు సూపెట్టుండ్రి" అన్నది ఆమె మొదటి మాట. అట్లా ఆమె పట్టించిన పిల్లలు నాకు తెలిసి నలుగురు.

సమ్మె ముగిసి బడి తెరిచిన రోజు అఖిల ప్రార్థనకు వచ్చింది. కాలు దాదాపు తిన్నగా ఉంది. చాందీ గేటు దగ్గరే నిలబడింది. టెంటులో ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు నేనింకా బాకీ. ముందే హెడ్మాస్టరుతో మాట్లాడి డ్రిల్‌ను సాయంత్రానికి మార్పించాను. ఇప్పుడు మెట్లెక్కి మూడు వందల మంది ముందు చెప్పాను. అఖిల ఇంటికి నేనొక చీటీ పంపాను, అందులో రాసింది అబద్ధం, ఆ పిల్ల చెప్పింది నిజం, నేను చెయ్యి పెట్టి కూడా చూడకుండా రాశాను అని. ఎవరూ నవ్వలేదు. గేటు దగ్గరికి పోయి చాందీకి చేతులు జోడించాను.

"నాకెందుకు మొక్కుతవ్ సారూ? కాలు నాదా?" అంది.

తిరిగి వచ్చి వరసలో ఉన్న అఖిల ముందు కూర్చున్నాను. "మాఫ్ చెయ్ బిడ్డా" అన్నాను.

అఖిల సరేననలేదు. కాలివేలితో నేల మీద గీత గీసింది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు, లెక్క సరిచేస్తున్నట్టు మెల్లగా చెప్పింది.

"పొద్దుగాల నొచ్చింది నిజమే సారూ. పొద్దుమీకి ఉరికింది గుడ నిజమే. నువ్వు ఒక్కటే నమ్మినవ్."